ఆఖరి చరణం

పాస్టరుగారికి కంభం బదిలీ అయింది. ఆయన భార్య విజయలక్ష్మమ్మకు వీడ్కోలు పాట రాయమని సంఘం దానమ్మకు చెప్పింది. తనకు అక్షరాలు దిద్దించిన మనిషిని సాగనంపే ఆఖరి చరణం రాయలేక, దానమ్మ మధ్యలో చరణాలు పెంచుకుంటూ పోయింది.

"ఏందే, ఇంకా కాలేదా? అమ్మగారు పోయేది కంభానికి, పరలోకానికి కాదు," అన్నాడు భర్త దావీదు.

"ముగిస్తే పోయినట్టే కదయ్యా. ప్రభువు ఇచ్చినోళ్లను మళ్లీ ఎందుకు తీసుకుంటాడో!"

"ఏ చరణం పాడినా తిరిగి పల్లవికే వస్తాము కదా?"

దానమ్మ నవ్వి, ఆఖరి చరణం రాసేసింది. పాస్టరుగారి దంపతులు ఊరికి వచ్చిననాడు తాను కట్టిన ఆహ్వానం పాటలోని పల్లవినే దీనికీ పెట్టింది.

ఆదివారం చరణాలన్నీ అయ్యాక సంఘమంతా ఎత్తుకుంది: "మిమ్మును మాకిచ్చిన దేవునికి స్తోత్రం!"

విజయలక్ష్మమ్మ లేచి, వాళ్లవైపు చేతులు చాపి, అదే పల్లవి తిరిగి పాడింది.