మార్జిన్ లేని గౌను

మా కాలేజీలో నాటకాల బట్టలు కుట్టే గది మెట్ల కింద ఉంటుంది. తలెత్తుకుని నడిస్తే నుదుటికి బొప్పి ఖాయం. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నల్ల రెగ్జిన్ పరిచిన పొడుగాటి కటింగ్ టేబులు, గోడ పొడవునా ఇనప రాడ్డుకి వేలాడే పాత వేషాలు. సైనికుడి కోటు పక్కన సన్యాసి అంగీ, దాని పక్కన ఎలుగుబంటి. చివరి ఏడాది కాబట్టి ఆ గది పెత్తనం నాకు దక్కింది. నోటీసు బోర్డు మీద కాస్ట్యూమ్ డిజైనర్ అని రాశారు గానీ, బొత్తాం ఊడిన ప్రతివాడూ "సూదీ!" అని కేకేసుకుంటూ వచ్చేసేవాడు.

రాణి వేషం మైకుది. మైకు నా స్నేహితురాలు, చిన్న క్లాసుల నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ పేరు ఎందుకొచ్చిందో అది నోరు తెరిస్తే తెలుస్తుంది. మాకు క్లాసులో గుసగుసలాడుకునే యోగం ఎప్పుడూ లేదు, అది గుసగుసలాడితే పక్క గదిలో పాఠం ఆగిపోయేది. స్టేజీ ఎక్కిందా, చివరి వరసలో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేవాల్సిందే. దానికి వేరే చదువు మీద ఆశ లేదు. నాటకాల కంపెనీలో చేరాలి, ఊరూరా తిరగాలి, మైకు లేకుండా మాట్లాడాలి. అంతే దాని జాతకం, అదే రాసుకుంది.

నాటకం మా డ్రామా మాస్టారు రాసిందే. శత్రువులు చుట్టుముట్టిన కోట, లోపల తిండి నిండుకున్న జనం, వాళ్లకి రాణి. మాస్టారు ఏ రిహార్సల్‌కీ సమయానికి వచ్చిన పాపాన పోలేదు కనుక ఆయన్ని గడియారం మాస్టారు అనేవాళ్లం. ఆయనకీ తెలుసు, నవ్వేవారు.

నాటకాల బట్టలకి ఒక పద్ధతుంది. ప్రతి కుట్టు లోపలా బెత్తెడు గుడ్డ అదనంగా వదలాలి. దాన్నే మార్జిన్ అంటాం. ఈ ఏడు రాణి వేసుకున్నది వచ్చే ఏడు మంత్రగత్తె వేసుకుంటుంది, ఎవరి ఒళ్లు ఎంతో ఎవరికి తెలుసు, కుట్లు విప్పి వదులు చేసుకుంటారు. ఆ గదిలో అడుగుపెట్టిన వాళ్లకి మొదట నేర్పేది ఇదే. నేనే మరో పదిమందికి నేర్పాను కూడా. అయినా మైకు గౌనుకి మార్జిన్ వదల్లేదు. అది ముదురెరుపు మఖమలు. లోపల అదనపు గుడ్డ ఉంటే నడుము దగ్గర ఉబ్బుతుంది. ఉబ్బకూడదని నా పంతం. దాని ఒంటికి చర్మంలా అతకాలి, వెనక మూరెడు గుడ్డ నేల మీద జీరాడాలి.

మాస్టారు గౌను తిరగేసి చూశారు. "మార్జిన్ ఏదమ్మా?"

"అక్కర్లేదు సార్. ఇది ఇంకెవరూ వేసుకోరు."

"గుడ్డకేం తెలుసమ్మా ఎవరేసుకుంటారో," అని గొణుక్కుంటూ పోయారు.

ఫిట్టింగ్ అంటే మైకుకి ఇంకో రిహార్సలే. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని దాని చుట్టూ మోకాళ్ల మీద పాకుతుంటే అది సేనాపతిని తిడుతూ ఉండేది.

"కదలకే తల్లీ, సూది దిగుతుంది!"

"దిగనీవే. రాణికి రక్తం ఉండదా ఏంటి?"

మెట్ల మీద పోయేవాళ్లు ఆగి వంగి చూసేవాళ్లు. నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ విసుగంతా ఎవరైనా తిరిగిస్తే నెత్తిన పెట్టుకుంటాను.

గొంతు బొంగురు పోవడం మొదలయ్యాక మేమంతా బ్యాటరీ అయిపోయిందని ఏడిపించాం. అది వేడినీళ్లు తాగింది, మిరియాలు నమిలింది, కండువా చుట్టుకుంది. బొంగురు తగ్గలేదు. చివరికి వాళ్లమ్మ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. స్వరతంతువు మీద కణితి. చిన్నదేం కాదు. కోసి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ఆ మాట విని అందరూ హమ్మయ్య అనుకున్నారు. మైకు అనుకోలేదని నాకు తెలుసు.

డాక్టరు చెప్పింది వాళ్లమ్మ నాకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. నేను ఆవిడని పిన్నీ అంటాను. "డాక్టరు తను చెప్పేదాకా ఒక్క మాట కూడా వద్దన్నారే. గుసగుస కూడా వద్దట. పుండు మానిందంటే, బొంగురుగానో కీచుగానో, ఏదో ఒక శబ్దం వస్తుందట. అసలేమీ రాకపోతే..." అని ఆగింది.

"రాకపోతే?"

"ఆయనా అక్కడే ఆగిపోయాడే."

అలా మైకు మౌనం పట్టింది. ఆసుపత్రి నుంచి నేరుగా మెట్ల కింద గదికే వచ్చింది, ఇంకెక్కడికి పోతుంది. మాకు మాటలు కటింగ్ టేబులు మీదే. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో నల్ల రెగ్జిన్ మీద రాసేది, అరచేత్తో తుడిచేసేది. "ఆ కుట్టు వంకర." "నీ తల దువ్వుకో." "సేనాపతి మీసం ఊడుతోంది చూడు." మొండిఘటం, ఒక్క గుసగుస కూడా జారనివ్వలేదు. దగ్గొస్తే కూడా నోట్లో గుడ్డ కుక్కుకుని ఆపుకునేది. బుద్ధిగా ఉంటే గొంతు తిరిగొస్తుందని, నాటకం నాటికి వచ్చేస్తుందని దాని నమ్మకం. నాదీ అదే.

పిన్ని మధ్యాహ్నాలు ఫ్లాస్కుతో వేడినీళ్లు తెచ్చి, ఎలుగుబంటి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది.

"ఇల్లు ఇల్లులా లేదే. ప్రశ్న నేనే, జవాబు నేనే. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసి పోయింది, నాకు మతి పోయిందనుకుని," అని నవ్వబోయి నవ్వలేకపోయింది. "నోర్ముయ్యవే, నోర్ముయ్యవే అని దీన్ని తిట్టని పూట లేదు. నా నోరు పడిపోను."

మైకు గబగబా సుద్దతో రాసింది. "ఇప్పుడు నీదే రాజ్యం. ఎంజాయ్."

పిన్ని చదివి దాని వీపు మీద ఒక్కటి చరిచింది.

మాస్టారు ఆగగలిగినన్నాళ్లు ఆగారు. రాణి లేకుండానే రిహార్సళ్లు నడిపారు, ఆమె మాటలు తనే చదివారు. ఒక సాయంత్రం ఆయన రిహార్సల్‌కి అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. అది చూడగానే మాకు అర్థమైపోయింది. రాణి వేషం రెండో ఏడాది పొడుగమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్లకి దుర్గుణమేం లేదు, ఎంత వెతికినా నాకు దొరకలేదు. నేను మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకుని చూశాను.

ఫిట్టింగ్‌కి వచ్చింది. గౌను భుజాలు దిగింది, ఛాతీ దగ్గర ఆగింది. వీపు మీద కొక్కేలకీ కాజాలకీ మధ్య అరచెయ్యంత ఖాళీ. కుట్టు విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డేది?

"ఊపిరి బిగబట్టనా అక్కా?" అంది ఆ పిల్ల.

"నాటకమంతా బిగబడతావా?"

"నేనడగలేదక్కా ఈ వేషం," అని అది కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు లోలోపల సంతోషంగా ఉంది. ఈ గౌను మైకుది, మైకుకే పడుతుంది, ఇంకెవరికీ పట్టదు. రాడ్డు మీద ఉన్న పాత గోధుమరంగు గౌనేదో ఇచ్చి పంపిస్తానన్నాను. మైకు టేబులు దగ్గరికి వచ్చి రాసింది. "రాణికి పాత గౌనా?"

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"వెనక జీరాడేది కత్తిరించు. పక్కల్లో పట్టీలెయ్."

"చచ్చినా కత్తిరించను. అది నీ కోసం..."

"నాటకం కోసం," అని రాసింది. ఆ మాట కింద గీత గీసింది. సగానికి విరిచిన బ్లేడు ముక్క తీసుకుని, గౌనుని తిరగేసి ఒళ్లో వేసుకుని, తన నడుము కొలతకి నేను వేసిన కుట్టుని ఒక్కొక్క పోగూ తెంపడం మొదలుపెట్టింది. నేను లాక్కోబోయాను. అది చెయ్యి తోసేసి, సుద్దతో పెద్దక్షరాలతో ఏదో రాయబోయింది.

"నోర్ముయ్యవే!" అని అరిచాను.

 మైకు భుజాలు ఊగాయి. నవ్వుతోంది. శబ్దం లేకుండా, కడుపు పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వుతోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మెట్ల మీదివాళ్లు వంగి చూస్తే చూడనిమ్మని బావురుమన్నాను. అది నవ్వు ఆపుకుని నా ముక్కు గౌను చివరతో తుడిచింది, మఖమలు అని కూడా చూడకుండా. ఆ తర్వాత ఇద్దరం కలిసే గుడ్డ కత్తిరించాం. పట్టీలు వేశాం. మంచి పనే కుదిరింది, చెప్పుకోవాలి మరి. స్టేజీ కింద నుంచి చూస్తే అతుకు తెలియదు.

నాటకం రోజున మేమిద్దరం కుడి వింగులో, అంటే స్టేజీ పక్కన తెర చాటున. రాణి మధ్యలో ఒకసారి లోపలికొచ్చి గౌను విప్పి సైనికుడి కోటు తొడుక్కుంటుంది. చీకట్లో గబగబా జరిగిపోవాలి, అందుకని కొక్కేలు మైకు వంతు, కోటు నా వంతు. వింగులో ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఒక్కచోట మైకుకీ మాకూ తేడా లేదు. పిన్ని ముందు వరసలో కూర్చుంది. మర్నాడు పొద్దున ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మైకుని నోరు తెరవమని ఆయన చెప్పేది అప్పుడే.

పొడుగమ్మాయి బాగానే చేసింది. అబద్ధమెందుకు. పక్కనుంచి చూస్తే మైకు పెదాలు ఆమె మాటలతో పాటు కదులుతున్నాయి, ఊపిరి కూడా వదలకుండా, ఒక్క మాట ముందూ వెనకా కాకుండా. నేను చూడనట్టు నటించాను.

కోట గోడ మీది ఘట్టం వచ్చింది. ముట్టడి సాగి సాగి బయట శత్రువుల శిబిరంలోనూ తిండి నిండుకుంది, వాళ్ల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. రాణి జనం వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది. ముందు అది నటనే అనుకున్నాం. ఆమె కుడిచెయ్యి గౌను పక్క కుట్టుని పట్టుకుని నలపడం చూశాక తెలిసింది, మాట మరిచిపోయిందని. స్క్రిప్టు ఎడమ వింగులో మాస్టారి దగ్గరుంది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని కాగితాలు తిప్పుతున్నారు, ఎప్పటిలాగే ఆలస్యంగా.  రాణి బిక్కమొహం వేసుకుని మావైపు చూసింది.

మైకు నోరు తెరిచింది.

దాని పెదాల మీద మాట మొత్తం ఉంది. గాలి వచ్చింది. మెడ నరాలు తేలేలా మళ్లీ ప్రయత్నించింది. గాలే. పక్కనే ఉన్న నాకే అది గాలి. పొడుగమ్మాయికి ఏం వినపడుతుంది? మైకు పెదాలు చూసి ఆ మాట నేనన్నాను, పగిలిన కుండలాంటి నా గొంతుతో. "తలుపులు తెరవండి. ఆకలికి మన ఇల్లూ పరాయి ఇల్లూ లేదు."

పొడుగమ్మాయి అందుకుంది. హాలంతా మార్మోగేలా అంది. చప్పట్లు ఒక్కసారిగా పడ్డాయి, మా పక్క తెర కూడా అదిరింది.

ఆ హోరులో మైకు నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్లు తన గొంతు మీద పెట్టుకుని నొక్కింది. చప్పట్లలో దాని గొంతు దానికే వినపడటం లేదేమో, వస్తోందో లేదో నన్ను చూడమంటోంది. నా కళ్లల్లోకి చూస్తూ మొదటి నుంచీ మళ్లీ అంది. తలుపులు తెరవండి. ప్రతి మాటా పెదాల మీద చదివాను. నా వేళ్ల కింద చర్మం కదిలింది, కండ బిగిసింది. లోపల ఏదీ మోగలేదు. తంబురా తీగలో ఉండే ఆ చిన్న వణుకు కూడా లేదు. చాలాసేపు వెతికాను. ఉందని అనుకోవాలని ఎంత ప్రయత్నించినా నా వేళ్లు ఒప్పుకోలేదు.

నేను తల ఊపలేదు. నా మొహం మీద ఏముందో మరి, మైకు చూసింది. మెల్లగా నా చెయ్యి దించేసింది. రాణి లోపలికి పరిగెత్తుకొచ్చింది. మైకు వంగి కొక్కేలు ఒక్కొక్కటే విప్పింది, ఒక్కటి కూడా తడబడకుండా. నేను కోటు పట్టుకోవడం మరిచిపోతే తనే అందించింది.

తెర సందులోంచి ముందు వరస కనిపిస్తోంది. పిన్ని ఇంకా చప్పట్లు కొడుతోంది. రేపటి కోసం పర్సులో తేనె సీసా పెట్టుకొచ్చానని సాయంత్రం నాతో చెప్పింది, గొంతు విప్పగానే ఒక చెంచా పొయ్యడానికి. ఆవిడకి ఈ సంగతి చెప్పాలి. చెప్పడానికి మా ఇద్దరిలో గొంతున్నది నాకే.