రెండో చీటీ

ఆ ఆదివారం మధ్యాహ్నం అమీర్‌పేటలో మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం. కుట్టు మిషను దగ్గర మా నాయన యేసురత్నం. పొయ్యి దగ్గర మా అమ్మ సుమిత్ర. గడప మీద కూర్చుని కుడి మోకాలికి నూనె రాసుకుంటూ మా అన్న దయారత్నం. చాప మీద ఒకరి మొహం ఒకరు చూడకుండా సారయ్య, మొగిలయ్య. తలుపు పక్కన, వాళ్ళకు కనబడీ కనబడకుండా నేను.

సారయ్య టాంగా తోలుతాడు. మొగిలయ్య హోటల్లో రొట్టెలు కాలుస్తాడు. పంజగుట్ట టీము ఆట ఉందంటే చాలు, ఇద్దరూ పని ఎగ్గొట్టి మైదానం ఒడ్డున నిలబడతారు. మా నాయన ఆ టీముకు బనీన్లు కుడతాడు. మా అన్న దాని గోల్‌కీపరు.

టీము పంజగుట్ట బంగళా నవాబుగారిది. ఆడేవాళ్ళందరికీ ఆయన తోటలోనో, మోటారు షెడ్డులోనో నౌకరీ ఇచ్చాడు. టీములో ఉన్నంతకాలమే నౌకరీ. మా అన్న షెడ్డులో మోటార్లు కడుగుతాడు. యుద్ధం ముగిసిన ఆ యేడు ఎండాకాలంలో నవాబుగారు చనిపోయాడు. ఆయన కొడుక్కి గుర్రాలంటే ఇష్టం, బంతి అంటే చిరాకు. టీమును ఒక మిల్లు యజమానికి ఇచ్చేస్తాడని రెండు నెలలుగా అందరూ అనుకుంటున్నారు. మిల్లుకు సొంత ఆటగాళ్ళున్నారు. అంటే మావాళ్ళు పదకొండుమందీ రోడ్డు మీదికే.

"మేనేజరు ఎవడో మీలో మీకే తెగకుంటే గీ టీము నాకెందుకు అన్నడట చిన్న నవాబు," అన్నాడు సారయ్య. "అందరు కలిసి ఒక్క పేరు రాసి, మా ఇద్దరి దస్తఖత్‌తోని నాలుగింటి లోపల బంగళా మున్షీ చేతిల పెట్టాలె. నాలుగు కొట్టంగనే చిన్న నవాబు, మున్షీ బొంబాయి పోతున్నరు. పేరు రాకుంటే టీము మిల్లోళ్ళకే."

"పేరుకేం ఫికర్? యెషయా సార్ ఉన్నడు గద," అన్నాడు మొగిలయ్య.

"ఉన్నడు. రాజనర్సయ్యను ఎల్లగొట్టి గా కుర్సీల కూసున్నడు."

రాజనర్సయ్య పదకొండేళ్ళు టీమును నడిపాడు. అందరినీ ఉత్తకాళ్ళతోనే ఆడించేవాడు. గోల్‌కీపరు చేతులు గట్టిపడాలని మా అన్న మీదికి పచ్చి జామకాయలు విసిరేవాడు. పోయిన యేడు ఆయన్ని తీసేసి, కంటోన్మెంటులో పనిచేసి వచ్చిన యెషయాను పెట్టారు. ఆయన అందరికీ బూట్లు తొడిగించాడు. పలక మీద సుద్దతో గీతలు గీసి ఎవడెక్కడ నిలబడాలో చూపిస్తాడు.

"పలక పట్టుకొని తిరిగితే మేనేజరా? బడిపంతులు!" అన్నాడు సారయ్య. "బూట్లేసినంక గోల్స్ ఎక్కువైనయా, బొబ్బలెక్కువైనయా?"

"మీ రాజనర్సయ్య ఉన్నప్పుడు పదిమంది బాల్ ఎంబడి గొర్రెల లెక్క ఉరుకుతుండిరి. గోలు కాడ మా దయారత్నం ఒక్కడే నిలబడి ప్రార్థన చేసుకుంటుండె."

మా అన్న నవ్వలేదు. మోకాలు రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఆటగాళ్ళ సంతకాలు, వేలిముద్రలు పడిన కాయితం అప్పటికే మా నాయన దగ్గర ఉంది. పేరు రాసేచోటు ఖాళీ. ఆటగాళ్ళూ రెండు పక్షాలే. వాటికి పెద్దలైన సారయ్య, మొగిలయ్య ఏ పేరుకు ఒప్పుకొని దస్తఖత్ పెడితే అదే తమ పేరని ఆటగాళ్ళు మాటిచ్చారు. కాని వీళ్ళిద్దరూ పొద్దున్నుంచి తెగ్గొట్టుకోలేకపోయారు. గోడ మీద ఎండ పైకి పాకుతోంది.

"చీట్లేద్దాం," అన్నాడు మా నాయన. "మా సంఘంల పెద్దల్ని గట్లనే ఎన్నుకుంటం. ప్రార్థన చేసి చీటీ తీస్తం. వచ్చిన పేరు దేవుని మాట."

"బల్కంపేట ఎల్లమ్మ కాడ మేం సుత అమ్మ మాటకు పూలు పెట్టి అడుగుతం. నాకు ఒప్పుదలే," అన్నాడు సారయ్య.

మొగిలయ్య గోడ మీది ఎండ వైపు చూశాడు. "ఎల్లమ్మ మీద ఒట్టు. ఏ పేరొచ్చినా దస్తఖత్ పెడత."

"నవోమి రాస్తది," అన్నాడు నాయన. "దానికి ఆట తెల్వదు. పక్షం లేదు."

మా ఊళ్ళో అమ్మమ్మ దగ్గరుండి మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివి పోయిన యేడే ఇక్కడికి వచ్చాను. మగవాళ్ళ ముందు నోరు తెరవను కాబట్టి నాకేమీ తెలియదని అందరూ అనుకుంటారు. కాని శుక్రవారం షెడ్డుకు అన్నం తీసుకుపోయినప్పుడు యెషయాగారి మాట విన్నాను. "మోకాలు అంతలా పాడైతే ఏం చేస్తాం, దయారత్నం? వచ్చే నెల నుంచి ఇంకొకణ్ణి నిలబెడతాను," అన్నాడాయన. దారిలో మా అన్న నాతో ఒకే మాట అన్నాడు: "ఇంట్ల చెప్పకు." రాజనర్సయ్య అయితే మా అన్నను తీయడు. కొడుకులా చూసుకునేవాడు.

పెన్సిలు తీసుకుని మొదటి చీటీ మీద రాజనర్సయ్య అని రాశాను. రెండోది ముందు పెట్టుకున్నాను. మా ఊరి ప్రార్థన గుడిలోనూ చీట్లు వేసేవారు. తీయని చీటీని ఎవరూ విప్పకుండా దీపంలో కాల్చేసేవారు. దాని మీద ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. నేను మళ్ళీ రాజనర్సయ్య అని రాశాను. రెండూ ఒకేలా మడత పెట్టాను.

చీట్లు ఇత్తడి చెంబులో వేశారు. నాయన ప్రార్థన చేశాడు. మా అమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీసి ఆయనకిచ్చింది.

"రాజనర్సయ్య," అని చదివాడు నాయన.

సారయ్య చాప మీదినుంచి ఎగిరి లేచాడు. మొగిలయ్య భుజం మీది తువాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఒట్టు పెట్టిన. ఏం జేస్త? తే, కాయితం."

"జర ఆగు," అంటూ నాయన మళ్ళీ చెంబులో చెయ్యి పెట్టాడు. "ఇక్కడి సంఘంల ఒక పద్ధతున్నది. రానోని పేరు సుత సదివి ఆయన కోసం ప్రార్థన చేస్తం. యెషయా మనసు కష్టపడొద్దు."

వద్దు నాయనా అనాలనుకున్నాను. నాలుక లేవలేదు. ఆయన అద్దాలు సర్దుకుని చీటీ విప్పాడు. "ప్రభువా, నీ దాసుడు..." అని ఆగిపోయాడు.

మొగిలయ్య మెడ చాచి చూశాడు. అక్షరాలు కూడబలుక్కొని చదివాడు. "రెండింట్ల ఒక్కటే పేరు! సంఘ పెద్దవు, బిడ్డ చేత గిదా రాయించింది?"

"నాకు తెల్వదు మొగిలన్నా! ప్రభువు సాక్షి. మళ్ళేద్దాం."

"మళ్ళెందుకు? పేరొచ్చింది గద," అంటూ సారయ్య కాయితం లాక్కున్నాడు. మొగిలయ్య ఇంకో కొస పట్టుకున్నాడు. కాయితం నడిమికి చిరిగింది.

మొగిలయ్య చేతిలోని ముక్క కింద పడేసి చెప్పులు వేసుకున్నాడు. అమ్మ ఆయన ముందు నిలబడి, "అన్నా, పదకొండు ఇండ్లు," అంది. ఆయన పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు.

నాయన రెండు ముక్కలూ ఏరుకుని, అంచులు కలిపి మిషను కింద పెట్టి కుట్టాడు. సూది దిగిన చోటల్లా కాయితం ఇంకా చిరుగుతోంది. అయినా తొక్కుతూనే ఉన్నాడు. రాసింది నేనేనని తెలిసీ నా వైపు ఒక్కసారీ చూడలేదు. కుట్టు ముగియగానే సారయ్యతో టాంగా ఎక్కాడు.

గోడ మీది ఎండ పోకముందే తిరిగి వచ్చారు. నాయన టాంగాలోంచి దిగలేదు. సారయ్యే చెప్పాడు.

"మోటారు ఎక్కుతుండంగ అందుకున్నం. కుట్లేసిన కాయితం మున్షీ రెండు వేళ్ళతోని పట్టుకొని చూసిండు. మొగిలయ్య దస్తఖత్ ఏదన్నడు. మీ నాయన అబద్ధం ఆడలే, ఉన్నదున్నట్టు చెప్పిండు. ఇంక అయిపోయింది, బిడ్డా. రేపటి సంది షెడ్డుకు రావద్దన్నరు. ఎవ్వర్నీ."

మా అన్న లేచి కుంటుకుంటూ లోపలి గదికి నడిచాడు. నేను వెంట పరుగెత్తాను. అప్పుడు నోరు వచ్చింది.

"నీ కోసమే రాసిన అన్నా. యెషయాగారు నిన్ను తీసేస్తడని..."

ఆయన గదిలోకి వెళ్ళి ఇటు తిరిగాడు. "తియ్యుమని నేనే చెప్పిన ఆయనకు. నా మోకాలు వంగుతలేదు. నా జాగల పనిలేని హనుమాండ్లును పెట్టుమన్న. వానికి ముగ్గురు పిల్లలు."

"నాకు తెల్వదన్నా."

"నేనొక్కణ్ణే పోయేటోణ్ణి నవోమీ. ఇప్పుడు అందరం పోయినం."

ఇంకేదో అనబోయాను. తలుపు రెక్క మీద నా చెయ్యి ఉంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు.

తీశాను. తలుపు వేసుకున్నాడు.