రాజుగారి పంపు తుపాకీ

ముప్పయ్యేళ్లుగా భీమవరం చుట్టుపక్కల లైసెన్సు తుపాకులన్నీ సత్యప్రసాద్ చేతిమీదుగానే బాగుపడ్డాయి. అలాంటివాడికి గోపాలరాజుగారి పంపు తుపాకీ చుక్కలు చూపిస్తోంది.

అది రాజుగారి తాతగారి నాటిది. గొట్టం కిందున్న చెక్కపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కుతుంది. రొయ్యల చెరువుల మీద వాలే కొంగల్ని బెదిరించడానికి తప్ప ఎన్నడూ పేలలేదు. ఇప్పుడు రాజుగారికి హైదరాబాద్ దగ్గర ఏదో క్లబ్బులో కౌబాయ్ పోటీకి వెళ్లాలని బుద్ధి పుట్టింది. టోపీ, బూట్లు వేసుకుని, పాతకాలపు తుపాకీతో ఎంత తొందరగా ఇనప పలకలు పడగొడితే అంత గొప్పట. ఈ వయసులో ఈ వేషమేమిటో సత్యప్రసాద్‌కి బోధపడలేదు గాని, పని పనే.

లోపలి అంచులు నున్నగా అరగదీశాడు. స్ప్రింగు మార్చాడు. కొట్లో పిడి వెన్నలా జారింది. రాజుగారింటికెళ్లిన మర్నాడు బిగిసిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. తన చేతిలో పనితనం పోయిందా, చూపు మందగించిందా? ఏమీ పాలుపోలేదు, అన్నం సయించడం మానేసింది. మూడోసారీ వెనక్కొస్తే నాన్న పెట్టిన కొట్టు మూసేస్తానని భార్య నాగదుర్గతో అనేశాడు.

మూడోసారీ వచ్చింది. పోటీ ఎల్లుండి. రాజుగారు కౌబాయ్ టోపీతోనే కారు దిగారు.

“ఇంట్లో దీన్నేం చేస్తున్నారండీ?” అన్నాడు సత్యప్రసాద్ నీరసంగా.

“ఏం చేస్తాను ప్రసాదూ? బీరువాలో పెట్టి తాళం వేస్తున్నా.”

టీ తెచ్చిన నాగదుర్గ తుపాకీని ఎగాదిగా చూసింది. “మొన్న మావారు పెట్టిన బొట్టేదండీ? తుడిచేశారా రాజుగారూ?”

“బొట్టు ఎవరైనా తుడుస్తారా అమ్మా. నేను ముట్టుకోలేదు.”

బాగుచేసిన ప్రతి తుపాకీకీ తడిపసుపు అద్ది, కుంకుమ పెట్టి ఇవ్వడం తండ్రి నేర్పిన ఆనవాయితీ. ఎప్పుడూ ఒకే చోట, గొట్టం కింద, చెక్కను ఆనుకుని. జోడుగొట్టాల తుపాకుల్లో ఆ చెక్క కదలదు. తండ్రి చేతికి పంపు తుపాకీ ఎప్పుడూ రాలేదు.

సత్యప్రసాద్ ఇన్నిసార్లూ విప్పని ఆ పిడిని గబగబా ఊడదీశాడు. లోపల పసుపు ఎండి అట్టకట్టి ఉంది. మూడుసార్ల బొట్టు. సిగ్గేసింది, నవ్వొచ్చింది, పోయిన ప్రాణం లేచొచ్చింది.

శుభ్రం చేసి బిగించాడు. పిడి జారింది. అలవాటు కొద్దీ నాగదుర్గ పసుపు గిన్నె అందించింది, అలవాటు కొద్దీ అతను వేలు ముంచాడు. పెడితే మళ్లీ బిగుస్తుంది. పెట్టకపోతే నాన్న మాట తప్పినట్టు. పసుపు వేలితో అలాగే నిలబడిపోయాడు.

రాజుగారు టోపీ తీసి, ఆ వేలికి తన నుదురు అందేలా తల వంచారు.