లవీనియా కుట్టిన రెక్కలు

పొద్దున్నే ఏడింటికి లవీనియా ట్రాస్క్ షెడ్డు తాళం తీసి, కాఫీ పెట్టుకోకముందే కిటికీలన్నీ తెరిచేది. కొత్తగా వార్నిష్ పూసిన విమానం రెక్కలకి ఊపిరాడదు మరి. కాస్త గాలి తగిలాక అవి కర్రచట్రాల మీద మెల్లిగా పొంగి, దిగేవి. అప్పుడు కుట్టుమిషన్ ముందు కూర్చునేది.

విమానాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, అమెరికాలోని ఒహాయోలో సైకిళ్లు బాగుచేసే ప్రతివాడూ విమానాల కంపెనీ పెట్టాడు. ట్రాస్క్ కంపెనీ కూడా అలాంటిదే. చట్రం, ఇంజను అన్న ఆన్సెల్ పని, రెక్కలు చెల్లెలి పని. కుట్టిన మనిషి రెక్క కింద చెయ్యి ఆనించి, నడిపే మనిషి పేరు చెప్పాలి. అప్పుడే అవి లేస్తాయి. ఒకసారి ఒక పేరుకి లేచాయంటే అంతే. ఆ తర్వాత ఆ రెక్కలు ఇంకెవర్నీ మొయ్యవు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే.

ఆ వసంతంలో లవీనియా ఒక జత తనకోసం కుట్టుకుంది. మంచి విమానం ఒకటి నీకేనని అన్న నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. తీరా పేరు చెప్పుకోబోతే ఆపాడు.

"ఆగవే వినీ. మిలిటరీవాళ్లు చూడ్డానికొచ్చే రోజు అందరి ముందూ చెప్పుకుందువుగాని. పేపర్లో పడుతుంది."

పిచ్చిది, నమ్మింది. కొత్త బూట్లు కూడా కొనుక్కుంది.

ఆ రోజు మైదానం నిండా జనం. ఆన్సెల్ పక్కన షికాగో నుంచి వచ్చిన మీసాల పైలట్ ఒకడు, డ్యూయీ పెల్ అట, నిలబడి ఉన్నాడు.

"ఈయన పేరు చెప్పు," అన్నాడు ఆన్సెల్, చెల్లెలి మొహం చూడకుండా.

"నా రెక్కలకా?"

"ఆడమనిషి నడిపితే వాళ్లు కొనరే. పన్నెండు విమానాల బేరం. ఈయనే నడిపేలా నెల కిందటే ఒప్పుకున్నాను."

నెల కిందటంటే, ఆగమన్నప్పటికే.

"సొంత చెల్లెల్ని మోసం చెయ్యడానికి నీకు మనసెలా వచ్చింది అన్నయ్యా?"

"తర్వాత తిట్టుకో. నీ పేరు చెప్పావంటే పదిహేనుమంది రోడ్డున పడతారు."

షెడ్డులో పనిచేసే పదిహేనుమందీ ఉతికిన చొక్కాలేసుకుని ఎదురుగానే ఉన్నారు. లవీనియా చెయ్యి ఆనించింది. "డ్యూయీ పెల్," అంది.

అంత బాగా ఎగిరిన విమానాన్ని ఆ ఊరు అంతవరకు చూడలేదు. రెక్కలు కాస్తయినా తటపటాయించలేదు. అన్న మీద ఎంత మండిందో, వాటిమీదా ఆవిడకి అంతే మండింది.

సోమవారం నుంచి మళ్లీ కుట్టింది. అదే మస్లిన్ గుడ్డ, అవే కుట్లు. ఆ పదిహేను ఇళ్లూ తలుచుకుని మనసుపెట్టే కుట్టింది. ఎండాకాలం దాటేసరికి పన్నెండు జతలు తయారయ్యాయి. కిటికీలు తెరిచినా పొంగకుండా దుప్పట్లలా పడి ఉన్నాయి.

పెల్ వచ్చాడు, మరో ముగ్గురు పైలట్లు వచ్చారు. ఎవరి పేరు చెప్పినా ఒక్క విమానమూ నేల వదల్లేదు. మిలిటరీవాళ్లు బేరం వదులుకున్నారు.

"ఏం చేశావే వీటికి?"

"ఏం చెయ్యలేదన్నయ్యా. ఎప్పటిలాగే కుట్టాను."

ఆన్సెల్ ఆవిడ చెయ్యి పట్టుకుని రెక్క కింద ఆనించాడు. "నీ పేరు చెప్పుకో వినీ. అన్నీ నీవే, తీసుకో," అన్నాడు. ఏడుస్తున్నాడు.

చెప్పింది. పన్నెండింటికీ చెప్పింది. ఒక్కటీ కదల్లేదు.