లేజర్ ఆపిన మనిషి

చీకటి పడగానే ఆ కొండమీది టెలిస్కోపు పక్కనుంచి పసుపు లేజర్ కిరణం పైకి లేస్తుంది. తొంభై కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరను తాకి, అక్కడొక చుక్కను వెలిగిస్తుంది. గాలి ఆ చుక్కను ఎలా వణికిస్తోందో చూసుకుని టెలిస్కోపు అద్దం తన వంపు సరిదిద్దుకుంటుంది. ఆ దారికి విమానం అడ్డొస్తే మాత్రం పైలట్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే ఆరుబయట కుర్చీలో ఒక మనిషి, చేతిలో లేజర్ ఆపే ఎర్ర బటన్. పదకొండేళ్లుగా ఆ పని ఆమెదే.

ఒక రాత్రి ఆమె బటన్ నొక్కింది. ఆకాశాన్ని కాపు కాసే కెమెరాలో ఏ విమానమూ పడలేదు. లేజర్ మళ్లీ కుదురుకునేలోపు మబ్బు పట్టి, ఆ పూట పరిశీలన కాస్తా నీళ్లపాలైంది.

మర్నాడు మధ్యాహ్నం డైరెక్టర్ పిలిపించాడు. బల్లమీద కాగితం సిద్ధంగా ఉంది: 'పొరపాటున నొక్కాను.'

"సంతకం పెట్టమ్మా. ఇంతటితో వదిలేద్దాం."

ఆమె కాగితాన్ని వెనక్కి జరిపింది. "పొరపాటు కాదండీ. చిన్న విమానం, ఒక్కటే లైటు. కళ్లారా చూశాను."

"కెమెరాకి కనబడలేదుగా."

"కెమెరాకి అన్నీ కనబడితే నన్నెందుకండీ కూర్చోబెట్టారు?"

సంతకం పెట్టేదాకా పనిలోకి రావద్దన్నాడాయన.

నడవలో మరిది ఎదురొచ్చాడు. లేజర్ నడిపేది అతనే. "వదినా, ఒక్క సంతకంతో పోయేదానికి ఎందుకింత పంతం? అన్నయ్యకేం చెప్పను?"

"మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే. ఇవాళ అబద్ధం రాసిచ్చానంటే, రేపు నిజంగా ఆపాల్సొస్తే ఎవరాపుతారు?"

మరిది లేజర్ గదివైపు నడిచాడు.

సాయంత్రం ఆమె కుర్చీలో గుమాస్తాను కూర్చోబెట్టారు. మరిది లేజర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "శిక్షణ లేని మనిషిని పెట్టి వెలిగించనండీ. రూలు మీరు రాసిందే."

"మీ వదిన కోసమా?" అన్నాడు డైరెక్టర్.

"వదిన కోసం కూడానండీ."

రెండు రోజులు కిరణం లేవలేదు. ఎక్కడెక్కడినుంచో వచ్చి తమ వంతు కోసం కాచుకున్న శాస్త్రవేత్తలు డైరెక్టర్‌ని పీక్కుతిన్నారు. మూడోరోజు పొద్దున్నే ఆయన ఆమెకు ఫోన్ చేశాడు.

"కాగితం చించేశాను. వచ్చెయ్."

"అది చాలదండీ. చూసింది చూసినట్టు రిజిస్టర్లో రాస్తాను."

ఆయన విసుక్కున్నాడు. "రాసుకుని ఏడువు."

వెళ్లి రాసింది. ఆ విమానం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. డైరెక్టర్ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమెకేమీ లోటనిపించలేదు.