రాహేలు దాహం

కాయ లేచింది కదా, అరచేతిలో పడుకున్న కొబ్బరికాయ తనంతట తనే నిక్కి నిలబడింది కదా, మరి ఈ ఉప్పేమిటి, సాలమోను పుక్కిలించి ఉమ్మేశాడు, సుబ్బాయమ్మగారి దొడ్లో కొత్త బోరు ధారగా పోస్తూనే ఉంది, కోనసీమలో నీళ్ళు చూపించడం ఏపాటి గొప్ప, గొట్టం దించితే ఎక్కడైనా నీళ్ళే, తీపి నీళ్ళు చూపించాలి, ముప్పై ఏళ్ళు చూపించాడు, సఖినేటిపల్లి రేవు నుంచి ఆలమూరు దాకా సాలమోను పాయింటు పెడితే తిరుగులేదన్నారు, ఆ పేరు భార్య రాహేలు పోయిన ఈ మూడు నెలల్లోనే మట్టిగొట్టుకుపోయింది, ఉప్పు తేలడం ఇది మూడో బోరు, సుబ్బాయమ్మగారు దోసిలితో రుచి చూసి, పర్లేదులెండి సాలమోనుగారూ, గిన్నెలు తోముకోడానికి పనికొత్తాయండి అంది, ఆ మర్యాద కంటే రెండు తిట్టినా బాగుండేది.

రొయ్యల చెరువుల వల్లేనండీ అని తప్పించుకుందామనుకున్నాడు, నోరంతా ఉప్పు, పక్కింటి గుమ్మం ముందు నిలబడి, దాహమేత్తందమ్మా, కడవలోవి వద్దు, పంపు కొట్టి ఇప్పించండి అన్నాడు, అని ఉలిక్కిపడ్డాడు, ఇవి రాహేలు మాటలు, ఏ ఊరెళ్ళినా బస్సు దిగగానే ఆమెకి దాహమే, ఈ ఇంట్లో రెండు గుక్కలు, ఆ ఇంట్లో రెండు గుక్కలు, అన్నీ పంపు నీళ్ళే, నీ కడుపేమన్నా కాలవటే, పరువు తీత్తన్నావు అని పదిమందిలో కసిరేవాడు, ఆమె నవ్వి, కొంగుతో మూతి తుడుచుకుని, దొడ్లో ఒక మూల చూసుకుని కూర్చునేది, నీడ ఉన్నా అటు పోకుండా ఎండలోనే, అతను కాయ పట్టుకుని దొడ్డంతా తిరిగి తిరిగి ఆమె దాపుకి వచ్చేసరికి కాయ లేచేది.

పక్కింటావిడ గ్లాసు అందించింది, ఒక గుక్క, తియ్యగా ఉన్నాయి, ఈ పంపు సుబ్బాయమ్మగారి దొడ్డికి తూర్పు, తను పాయింటు పెట్టింది పడమర, రాహేలు ఉంటే ఈ నీళ్ళు తాగి వెళ్ళి తూర్పు గోడ పక్కన కూర్చునేది, తన కాయ అక్కడ లేచేది, కాయ లేచేదా, ఆమె వైపు తన చెయ్యే వంగేదా, ముప్పై ఏళ్ళు ఏ పక్క తీపో నాలుకతో చూసి చెప్పింది, నోటితో ఒక్కమాట అనకుండా పేరంతా తనకే వదిలేసింది, అయ్యో రాహేలూ, అమలాపురం ఆస్పత్రిలో చివరిరోజున, నీళ్ళివ్వొద్దని డాక్టరు చెప్పిన రోజున, పెదాలు ఎండిపోయి, దాహమేత్తందండి అంది, ఎప్పుడూ దాహమేనా నీకు అని అలవాటు కొద్దీ కసిరేశాడు, ఆమె మళ్ళీ అడగలేదు, గ్లాసులో నీళ్ళింకా సగం ఉన్నాయి, ముప్పై ఏళ్ళలో ఆమెకి నిజంగా దాహమేసింది ఆ ఒక్కరోజే.