గాలి ఉద్యోగం

"మా ఆవిడది గాలి ఉద్యోగమండీ!" అన్నారు మా ఆయన, సోఫాలో కూర్చున్న స్నేహితులతో. అందరూ విరగబడి నవ్వారు. టీ ట్రే పట్టుకుని నేనూ నవ్వాను. నవ్వకపోతే ‘జోకు కూడా అర్థం కాదు, ఈవిడ సైంటిస్టుట’ అంటారు. పెళ్ళయిన కొత్తలో పుట్టిన జోకు అది. ఇంటికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా బిస్కెట్లతో పాటు దాన్నీ పెడతారు.

నిజానికి ఆ మాటలో తప్పేం లేదు. నేను చూసేది గాలే. మన సూర్యుణ్ణి వదిలేసి, వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద ఏ గాలి ఉందో కనిపెట్టడం నా పని. మేం చూసే గ్రహం కంటికి కాదు కదా, టెలిస్కోపుకి కూడా విడిగా ఆనదు. దాని నక్షత్రం వెలుగొక్కటే మన దాకా వస్తుంది. గ్రహం ఆ నక్షత్రానికి అడ్డంగా నడిచినప్పుడు, దాని అంచున ఉన్న పల్చటి గాలిపొరలోంచి కాస్త వెలుగు దూరి వస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రంగును మింగేస్తుంది. ఏ రంగు తగ్గిందో చూసి అక్కడేముందో చెప్పాలి. లేనిదాన్ని బట్టి ఉన్నదాన్ని పట్టుకోవడమన్నమాట. మా ఇంట్లోనూ అంతే. ఉతికిన తువ్వాళ్ళు వాటంతటవే మడత పడి అలమరలోకి వెళ్ళవని, నేను ఊళ్ళో లేని రోజునే తెలుస్తుంది.

ఆఫీసులో కూడా నాకు దక్కింది శుభ్రం చేసే పనే. టెలిస్కోపు పంపిన సమాచారంలోంచి పరికరం చేసిన తప్పులు, నక్షత్రం చేసిన అల్లరి ఏరి పారేయాలి. "నీ చేతిలో పడితే అద్దంలా తయారవుతుందమ్మా" అంటారు పెద్దాయన. ఆయనే మా విభాగానికి అధిపతి. ఆ పొగడ్తకి ఎన్నేళ్ళు మురిసిపోయానో తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నేను అద్దంలా చేసి ఇచ్చినదాన్ని నా తర్వాత చేరిన ఒకతను తీసుకెళ్ళి సభల్లో మాట్లాడతాడు. అతనికి మేం పెట్టిన పేరు మైకు. ఎక్కడ వేదిక ఉంటే అక్కడ తేలతాడు. చిట్టచివర కృతజ్ఞతల్లో, కంప్యూటర్లు బాగుచేసే ఆయన పక్కన, నా పేరు ఉంటుంది.

ఈసారి గ్రహం అడ్డం వచ్చిన రెండుసార్లూ, ఏ రంగు ఎంత వచ్చిందో చూపే గీతలో ఒకే చోట చిన్న గుంట పడింది. పెద్దాయన తెర మీద వేలు పెట్టి, "ఇక్కడేదో మరక పడిందమ్మా, తుడిచెయ్" అన్నారు. తుడవడానికి నాకు చేయి రాలేదు. సరిగ్గా ఆ రంగునే గంధకపు వాయువు ఒకటి మింగుతుంది. అయినా తొందరపడకూడదు. మరక కళ్ళద్దం మీద ఉందా, గోడ మీద ఉందా అన్నది తేలాలంటే కళ్ళద్దం మార్చి చూడాలి. మూడోసారి వేరే పరికరంతో చూడమని టెలిస్కోపు వాళ్ళని అడిగి, బతిమాలి, విసిగించి ఒప్పించాను. ఆ సమాచారం ఇవాళ మధ్యాహ్నం వస్తుంది. రేపే సభ. సాయంత్రంలోగా నేను తుడిచి ఇచ్చేస్తే ఆ గుంట ఉండేదని కూడా ఎవరికీ తెలియదు.

ఇవాళే మా ఆయన ఆఫీసరు కుటుంబంతో సహా భోజనానికి వస్తున్నాడు. "నాలుగింటికల్లా ఇంట్లో ఉండు. నీ గాలి ఎక్కడికీ పోదులే" అన్నారాయన పొద్దున్న, బూట్లు తొడుక్కుంటూ.

అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి ఆ మాట విన్నారు. ఆవిడేం తక్కువ తినలేదు. ‘మా రోజుల్లో గాలి పీల్చుకోడానికే తీరిక లేదు, నువ్వు గాలిని చూస్తానంటావు’ అని ఎన్నిసార్లు దెప్పారో! కానీ ఇవాళ ఆయన వెళ్ళగానే గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతకీ అమ్మాయ్, ఆ గాలికి వాసనుంటుందా?"

ఇన్నేళ్ళ చదువులో, ఇన్ని సభల్లో, ఎవరూ నన్నీ మాట అడగలేదు. నాకూ తోచలేదు.

"ఉంటుంది అత్తయ్యా. నేననుకున్నదే అయితే... అగ్గిపుల్ల గీసినప్పుడు గుప్పుమంటుంది చూశారా, ఆ వాసన."

ఆవిడ అగ్గిపుల్ల గీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "అంత దూరంలో కూడా పొయ్యి గోలేనా మన ప్రాణానికి!" అని నవ్వి, "ఏ సంగతీ కనుక్కుని చెప్పు" అన్నారు. బస్సులో దారి పొడుగునా నాకు ఆ మాటే. ఆ వాసన పీల్చడానికి అక్కడ ఒక్క ముక్కైనా ఉందా అని.

మధ్యాహ్నం సమాచారం వచ్చింది. మైకు కుర్చీ లాక్కుని వెనకే కూర్చున్నాడు. "తొందరగా తుడిచిచ్చెయ్యండి మేడం, రేపు సభలో చూపించే బొమ్మలన్నీ సిద్ధంగా ఉన్నాయి." శుభ్రం చేసుకుంటూ పోయాను, ఒక్కొక్క పొరా తీసి. కొత్త పరికరం, కొత్త గీత. అదే చోట అదే గుంట.

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మూడు గీతలూ పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇది మరక కాదు. గాలే. నేను తుడవను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "అయ్యబాబోయ్" అన్నారు మెల్లిగా. తర్వాత, "సరే, మనవాడికి వివరంగా చెప్పు. రేపు అతను మాట్లాడతాడు."

"రేపు నేనే మాట్లాడతాను సార్. ఇవాళ ఇక్కడే కూర్చుని రాసుకుంటాను."

"నీకెందుకమ్మా ఈ శ్రమ? ఇల్లూ వాకిలీ ఉన్నదానివి."

"ఇల్లు అతనికీ ఉంది సార్."

ఆయన మళ్ళీ గీతల వంక చూసి, "సరే, కానీ" అన్నారు.

నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. మా ఆయన.

"నాలుగు దాటింది! వాళ్ళొచ్చే వేళయింది. పొయ్యి కూడా వెలిగించలేదు. అక్కడేం చేస్తున్నావసలు?"

వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "వాసన సంగతి తేలిందేమో అడగరా!"

"వాసనేంటి? అమ్మేదో అంటోంది" అన్నారాయన విసుగ్గా.

"తేలిందని చెప్పండి. నేను రావడం ఆలస్యమవుతుంది, వంట మీరు మొదలుపెట్టండి" అన్నాను. "అగ్గిపెట్టె పొయ్యి పక్కనే ఉంది. పుల్ల గీయగానే ఒక్కసారి వాసన చూడండి. నా ఉద్యోగం అదే."